జానెడు మేరలోని పని: ఎలక్ట్రాను పుంజపు నాణ్యము, లేసరు వెలుగు
(మన సంఘపు మాసాంత సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



గతమాసమున మన సంఘమునకు చెందిన ఒక పెద్దలు మాతో మాటలాడుచు తమ కుమారుని సంగతి చెప్పిరి. ఆ చిన్నవాడు భౌతికశాస్త్రము చదివి, పరదేశమున స్వేచ్ఛా ఎలక్ట్రాను లేసరు అను యంత్రము గల ఒక పరిశోధనశాలలో చేరినాడు. తండ్రికి సంతోషము కలుగవలసిన సమయమే. కాని ఆయన ముఖమున దిగులు కనబడినది. "మైళ్ళ పొడవు యంత్రమట! అందులో మావానికి అప్పగించినది మొదటి జానెడు మేరయట. ఒక రాగి బిళ్ళ, దానిమీద పడు వెలుతురు, అంతేనట. వానిని ఇంత చదివించినది ఇందుకా అండీ?" అని ఆయన అడిగిరి.

అప్పటికప్పుడు మేము తగిన సమాధానము చెప్పజాలకపోతిమి. ఆయన నేడీ సభలో ఉన్నారు. ఆ జానెడు మేరలోని పని చెడినచో తక్కిన మైళ్ళన్నియు వ్యర్థమగునని చూపుటయే నేటి మా ప్రసంగమునకు ఉద్దేశము.

ఇట్టి విషయము తెలుగున చెప్పుట సాధ్యమా అని ఒకరిద్దరు మిత్రులు సందేహించిరి. ఎలక్ట్రాను, లేసరు వంటి మాటలను ఉన్నవి ఉన్నట్లే ఉంచి, తక్కినదంతయు మన ఇండ్లలోని మాటలతోనే చెప్ప ప్రయత్నింతుము. మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో, ఇంగ్లీషో చదువుచున్నను, ఇంటివద్ద సందేహము వచ్చినపుడు అడుగు భాష ఇదియే గదా.

మొదట ఈ యంత్రమేమో విచారింతము. సాధారణమైన లేసరులో ఎలక్ట్రానులు అణువులకు కట్టుబడి ఉండును. వెలుగు రెండు అద్దముల మధ్య పలుమారులు తిరిగి తిరిగి బలపడును. స్వేచ్ఛా ఎలక్ట్రాను లేసరులో అట్లు కాదు. ఎలక్ట్రానులు అణువులను విడిచి, గాలి తీసివేసిన గొట్టములో కాంతివేగమునకు మిక్కిలి చేరువగా పరుగెత్తుచుండును. వాటి దారికి పైనను క్రిందను అయస్కాంతములు వరుసగా అమర్చబడి యుండును. ఒకటి ఉత్తరధ్రువమైనచో మరుసటిది దక్షిణధ్రువము. ఈ వరుసను అండ్యులేటరు అందురు. దాని గుండ పోవు ఎలక్ట్రాను పాము నడకవలె అటునిటు ఊగుచు, ఊగినపుడెల్ల వెలుగు వెలువరించును. 1951వ సంవత్సరమున స్టాన్ఫర్డు విశ్వవిద్యాలయములో హాన్స్ మోట్జ్ ఇట్టి అయస్కాంతముల వరుసను గూర్చి వ్రాసి, 1953లో ప్రయోగించి చూపెను. ఆ విశ్వవిద్యాలయముననే జాన్ మేడీ 1971లో దీనితో లేసరు చేయవచ్చునని ప్రతిపాదించెను. 1977లో ఆయన బృందము పరారుణ కిరణములతో అట్టి లేసరును నడిపినది.

ఎలక్ట్రాను ఊగినంతనే లేసరు అగునా? కాదు. ఇక్కడ కోలాటమును తలచుకొనుడు. నూరుగురు కోలలు పట్టి ఎవరికి తోచినపుడు వారు కొట్టినచో వినబడునది గోల. అందరును ఒకే తాళమునకు కొట్టినచో ఆ చప్పుడు ఊరంతయు వినబడును. ఎలక్ట్రానుల విషయమున ఈ భేదము లెక్కకు అందునది. వెయ్యి ఎలక్ట్రానులు ఎవరి దారిని వారు వెలువరించు వెలుగు వెయ్యి పాళ్ళయినచో, అవియే కలిసి ఒక్క తాళమున వెలువరించునది పదిలక్షల పాళ్ళగును. ఎలక్ట్రానులకు తాళము నేర్పు గురువెవరు? అవి ఇచ్చిన వెలుగే. ఆ వెలుగు ఎలక్ట్రానులతోపాటు పోవుచు, కొన్నిటిని కొంచెము ముందుకు త్రోయును, కొన్నిటిని కొంచెము వెనుకకు లాగును. క్రమముగా ఎలక్ట్రానులు వెలుగు తరంగపు దూరమున పలుచని పొరలుగా ఏర్పడును. పొరలు ఏర్పడిన కొలది వెలుగు పెరుగును; వెలుగు పెరిగిన కొలది పొరలు స్థిరపడును. అసలు మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ చేరు చక్రవడ్డీ వంటిది ఈ పెరుగుదల.

ఎక్స్ కిరణములను పదేపదే త్రిప్పి పంపుటకు సాధారణమైన అద్దములు పనికిరావు. కావున ఎక్స్ కిరణ లేసరులో పుంజము అండ్యులేటరు గుండ ఒక్కసారియే పోవును; ఆ ఒక్క ప్రయాణముననే చక్రవడ్డీ అంతయు ముగియవలెను. ఇట్లు చేయవచ్చునని 1980 మొదలు కొందరు సిద్ధాంతకర్తలు లెక్కలతో చూపుచు వచ్చిరి. 1992లో క్లాడియో పెల్లెగ్రీని ఒక మెట్టు ముందునకు పోయి, కాలిఫోర్నియాలోని స్టాన్ఫర్డు చెంత 1966 నుండి పనిచేయుచున్న మూడు కిలోమీటరుల త్వరణ యంత్రమును ఇందుకు వాడుకొనవచ్చునని చెప్పెను. ఎలక్ట్రానులకు వేగమిచ్చు యంత్రము సిద్ధముగనే ఉన్నది. అయినను అది ఎక్స్ కిరణ లేసరుగా వెలిగినది 2009వ సంవత్సరమున. నడుమ పదునేడేండ్లు గడచినవి. ఆ కాలములో ఎక్కువ శ్రమ పట్టినది ఎలక్ట్రానుల శక్తి పెంచుటకు కాదు, ఎలక్ట్రానుల నాణ్యము పెంచుటకు.

నాణ్యమనగా నేమి? మూడు గుణములను చెప్పుదుము.

మొదటిది పుంజపు ఒద్దిక. దేవుని రథము వెంట జనులు నడచుచున్నారనుకొనుడు. ఆ సమూహము ఎంత వెడల్పుగా ఉన్నదనునది ఒక లెక్క. నడచువారు తిన్నగా నడచుచున్నారా, ప్రక్కలకు చెదరి నడచుచున్నారా అనునది మరియొక లెక్క. ఈ రెంటిని గుణించిన వచ్చునదే ఎమిటెన్సు. వెడల్పు వీధినుండి ఇరుకు సందులోనికి జనము ప్రవేశించినపుడు వెడల్పు తగ్గును. కాని త్రోపులాట హెచ్చును. ఎలక్ట్రాను పుంజమును అయస్కాంతములతో బిగించినను అంతియే. వెడల్పు తగ్గిన మేరకు చెదరుపాటు పెరుగును, గుణకారము మారదు. పందొమ్మిదవ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు లియూవిల్ పేర ప్రసిద్ధమైన సూత్రము ఇదియే.

లేసరు వెలుగవలెనన్నచో ఈ ఎమిటెన్సు, కావలసిన వెలుగు తరంగదైర్ఘ్యమును సుమారు పన్నెండున్నరతో భాగించిన వచ్చు కొలతకు దరిదాపుల నుండవలెను. కంటికి కనబడు వెలుగునకు ఇది కష్టము కాదు. ఎక్స్ కిరణముల తరంగదైర్ఘ్యమో, అణువు పరిమాణమంత: 0.15 నానోమీటరు. అనగా పుంజము వేలరెట్లు ఒద్దికగా ఉండవలెనన్నమాట.

వేగము పెంచినచో ఒద్దిక రాదా అని మీరడుగవచ్చును. కొంత వచ్చును. ముందునకు పోవు ఊపు పెరిగి, ప్రక్కకు పోవు ఊపు ఉన్నంతనే ఉండుటవలన, చెదరుపాటు కోణము చిన్నదగును. ఆ స్టాన్ఫర్డు యంత్రములో ఎలక్ట్రానులకు 1360 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఇత్తురు. అందువలన ఎమిటెన్సు సుమారు 26,600వ వంతునకు తగ్గును. కాని దేనిలో 26,600వ వంతు? పుట్టినపుడు ఉన్న ఎమిటెన్సులో. పుట్టుకలో అది రెట్టింపుగా ఉన్నచో కడపటను రెట్టింపుగనే ఉండును. దానిని శక్తితో సరిచేయదలచినచో యంత్రపు శక్తిని రెట్టింపు చేయవలెను. అనగా మరియొక యంత్రమంత యంత్రమును దాని ప్రక్కన కట్టవలెను.

ఇప్పుడు ఆ జానెడు మేర చెంతకు వచ్చితిమి. ఎలక్ట్రానులు పుట్టు చోటును గన్ అందురు. పూర్వము వేడెక్కిన లోహమునుండి ఎలక్ట్రానులను వెలికితీసెడివారు. 1985లో లాస్ ఆలమోస్ పరిశోధనశాలలో ఫ్రేజర్, షెఫీల్డు అనువారు వేరొక మార్గమును ప్రతిపాదించిరి: లోహపు బిళ్ళపై లేసరు వెలుగును క్షణములో అతిస్వల్ప భాగము మాత్రమే పడనిచ్చి ఎలక్ట్రానులను రాబట్టి, ఆ చోటనే బలమైన రేడియో తరంగముల క్షేత్రముతో వాటిని ముందునకు త్రోయుట. స్టాన్ఫర్డు గన్ లో రాగి బిళ్ళపై అతినీలలోహిత కాంతి పడు చోటు సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పు. అక్కడనుండి ఒక్కమారు సుమారు 150 కోట్ల ఎలక్ట్రానులు బయలుదేరును. అన్నియు ఒకే జాతి విద్యుత్తు కలవి, ఒకదానినొకటి తరుముకొనును. పుట్టిన చోటనే నెమ్మదిగా నుండినచో గుంపంతయు ఉబ్బి చెదరిపోవును. కావున మీటరునకు పదికోట్ల వోల్టులకు మించిన క్షేత్రముతో వాటిని లాగి, జానెడు దాటకమునుపే 60 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి చేర్చుదురు. వేగము పుంజుకొన్న పిదప ఆ తరుములాట శమించును.

ఆ రాగి ముఖము ఎగుడుదిగుడుగా నున్నను, వెలుగు ఒకచోట దట్టముగను ఒకచోట పలుచగను పడినను, ఆ లోపమును పుంజము తన వెంట తీసికొనిపోవును. మొదటి తరుములాటవలన కలుగు చిక్కులో కొంత మాత్రము విప్పదగినది. గుంపులోని ముందు భాగము, నడిమి భాగము, వెనుక భాగము వేరువేరుగా ఉబ్బునుగాని ఆ ఉబ్బులో ఒక క్రమము కలదు; గన్ ను ఆనుకొని తీగచుట్ట అయస్కాంతము నుంచి వాటిని మరల ఒక వరుసకు తేవచ్చునని 1989లో బ్రూస్ కార్ల్‌స్టెన్ వివరించెను. చిక్కుపడిన నూలును ఓపికతో విప్పవచ్చును. తెగి పీచయిన నూలును ఎవరును విప్పజాలరు.

రెండవ గుణము గుంపు దట్టము. గన్ నుండి వచ్చు గుంపు పొడవుగా నుండును. దాని ప్రవాహము ముప్పది, నలువది ఆంపియరులే. లేసరునకు కావలసినది సుమారు 3,000 ఆంపియరులు. అందుకై గుంపును నొక్కవలెను. వెనుకనున్న ఎలక్ట్రానులకు కొంచెము అధికశక్తి నిచ్చి, నాలుగు అయస్కాంతములతో దారిని ప్రక్కకు మళ్ళించి మరల తెచ్చెదరు. శక్తి తక్కువగా గల ముందువి ఎక్కువ వంగి చుట్టుదారిని పోవును. వెనుకవి దగ్గరదారిని వచ్చి వాటిని కలిసికొనును. ప్రవాహము ఎనిమిది రెట్లు పెరిగినచో, తక్కినవన్నియు సమానముగ నున్నపుడు, వెలుగు వృద్ధి చెందుటకు పట్టు దూరము సగమగును. అట్లని ఎంతైనను నొక్కరాదు. వంపు తిరుగు పొట్టి గుంపు తానే వెలుగు వెలువరించి, ఆ వెలుగు గుంపు ముందు భాగమును తాకి, కష్టపడి సంపాదించిన ఒద్దికను చెరుపును.

మూడవ గుణము శక్తిలోని సమానత్వము. ఏ తరంగము వెలువడవలెనో నిర్ణయించునది ఎలక్ట్రాను శక్తి. కొన్నిటికి హెచ్చు శక్తి, కొన్నిటికి తగ్గు శక్తి ఉన్నచో ఒక్కొక్కదాని తాళమొక్కొక్కటియై పొరలు ఏర్పడవు. ఎక్స్ కిరణ లేసరునందు ఈ వ్యత్యాసము పదివేలలో అయిదు వంతులకు చాల లోబడి యుండవలెను.

ఇక్కడ ఒక చిత్రము కలదు. పుంజము శక్తి మరీ సమానముగా నున్నను ప్రమాదమే. అట్టి పుంజమున ఏ చిన్న హెచ్చుతగ్గు ఉన్నను, నొక్కు చోట అది పెరిగి పెరిగి గుంపునంతయు గీతలు గీతలుగా చీల్చును. దీనికి మందు కనుగొన్నవారు ప్రారంభముననే ఒక చిన్న లేసరుతో పుంజమును కొద్దిగా కదలించి, శక్తిలో కొలతకు లోబడిన వ్యత్యాసమును కావలెననియే కలుగజేసిరి. దానిని లేసరు హీటరు అందురు. షోలాపురమున గాని, తమిళదేశపు నేతపల్లెలలో గాని మగ్గమెరిగిన మన కుటుంబములకు ఇది వింత కాదు. ఒట్టి నూలు మగ్గము దెబ్బకు పీచులేచి తెగును. పడుగునకు గంజి పట్టించినచో నిలుచును. గంజి తక్కువైనను చేటు, ఎక్కువైనను చేటు. ఆ కొలత ఎరిగినవాడే నేతగాడు.

ఈ మూడు గుణములును కలిసి నిర్ణయించునది ఒక్కటే: వెలుగు 2.7 రెట్లగుటకు ఎంత దూరము పట్టునని. స్టాన్ఫర్డు యంత్రమున కొలిచిన దూరము సుమారు మూడున్నర మీటరులు. 60 మీటరులలో అట్టి దూరములు పదునేడు. పుంజపు నాణ్యము క్షీణించి ఆ దూరము అయిదు మీటరులయినదనుకొనుడు. అదే 60 మీటరులలో పండ్రెండు మాత్రమే. నష్టము పదునేడింటిలో అయిదు వంతులే గదా అని తోచును. కాని చక్రవడ్డీ లెక్క అట్లుండదు. వెలుగు సుమారు 170 రెట్లు తగ్గిపోవును. నాణ్యములోని చిన్న లోటును లేసరు వందలరెట్లుగా పెంచి చూపునని చెప్పుటకు ఇదియే ప్రమాణము.

ఈ భయమున్నందువలననే 2009 ఏప్రిలు నెల ఆ బృందమునకు పరీక్షాకాలమైనది. అంతకుముందు ఒకే ప్రయాణపు లేసరులలో హాంబర్గులోని ఫ్లాష్ యంత్రము 2007లో 6.5 నానోమీటరులకు చేరినది. వీరు దూకదలచినది 0.15 నానోమీటరునకు, అనగా నలుబది రెట్లకు మించిన దూకుడు. త్వరణ యంత్రపు చివరి కిలోమీటరును మాత్రమే తీసికొని, దాని మొదట క్రొత్త గన్ అమర్చిరి. మొత్తము 112 మీటరుల అయస్కాంతములను నిలిపిరి. ఎలక్ట్రానుల దారి కొన్ని మైక్రానులు తప్పినను వెలుగును ఎలక్ట్రానులును విడిపోవును గనుక, పుంజమునే కొలబద్దగా చేసికొని, దాని శక్తిని మార్చి మార్చి చూచి, దారిని చక్కజేసిరి. ఏప్రిలు 10వ తేదీన 0.15 నానోమీటరు వెలుగు వెలిగినది. తరువాతి కొలతలలో అది సుమారు 60 మీటరులలోపలనే పూర్తి బలమునకు వచ్చినట్లు తేలినది. తక్కిన అయస్కాంతములు మిగులుబడి. గన్ ఇచ్చిన పుంజము ప్రణాళికలో కోరిన దానికన్న ఒద్దికగా నుండుటయే దీనికి ముఖ్యకారణము. జానెడు మేరలో ఆర్జించినది, పదులకొలది మీటరుల దూరమున ఆదా అయినది.

ఒద్దికకు మార్గమొక్కటే అని అనుకొనరాదు. 2011లో జపానులో వెలిగిన సాక్లా యంత్రమువారు రాగి బిళ్ళను కాక, వేడిచేసిన సీరియము బోరైడు స్ఫటికమును ఎన్నుకొనిరి. 800 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులతోనే, సుమారు 700 మీటరుల పొడవుతోనే ఎక్స్ కిరణములను సాధించిరి. జర్మనీలో 2017లో ప్రారంభమైన యూరోపియన్ ఎక్స్‌ఫెల్ పొడవు 3.4 కిలోమీటరులు, అది క్షణమునకు 27,000 వెలుగులు ఇయ్యగలదు. స్టాన్ఫర్డు యంత్రపు క్రొత్తభాగము 2023 సెప్టెంబరులో మొదటి వెలుగునిచ్చినది. అది క్షణమునకు పదిలక్షల వెలుగుల వరకు ఇచ్చుటకై నిర్మింపబడినది. అనగా అక్కడి గన్ ఒద్దిక తప్పకుండ క్షణమునకు పదిలక్షలమారులు ఎలక్ట్రానులను పుట్టింపవలెను. మన దేశమున ఇందోరులోని రాజా రామన్న కేంద్రమువారు పరారుణ కిరణముల స్వేచ్ఛా ఎలక్ట్రాను లేసరును నిర్మించిరి. తరంగము పెద్దదగుటచే అక్కడి నియమములు కొంత సడలినను, న్యాయము మాత్రమొక్కటే.

ఇంత శ్రమకు ఫలమేమి? సజీవపదార్థములలోని ప్రోటీనుల ఆకారము తెలియవలెనన్నచో వాటి స్ఫటికములపై ఎక్స్ కిరణములు ప్రసరింపజేయవలెను. కొన్ని ప్రోటీనులు పెద్ద స్ఫటికములుగా ఏర్పడవు. చిన్న స్ఫటికములు కిరణముల తాకిడికి నశించును. ఈ లేసరు వెలుగు ఎంత క్షణికమనగా, స్ఫటికము నశించులోపలనే దాని చిత్రము చేతికి వచ్చును. 2011లో హెన్రీ చాప్మన్ బృందము సూర్యకాంతిని గ్రహించు ప్రోటీను సమూహమొకదానిని ఈ విధముగా పరిశీలించి ప్రకటించినది. తరువాత ఆఫ్రికాలో నిద్రరోగము కలిగించు సూక్ష్మజీవిలోని ఒక ఎంజైము ఆకారము ఇట్లే తెలిసినది. రోగికారకపు తాళము ఎట్లున్నదో తెలిసినగాని మందు అను తాళపుచెవి చేయుట సులభము కాదు. రాగిబిళ్ళపై పడు వెలుగునకును, ఎక్కడనో జ్వరముతో పడియున్న మనుష్యునికిని గల సంబంధమిది.

మా ప్రసంగము ముగియవచ్చినది. ప్రశ్న అడిగిన పెద్దలకు మేము విన్నవించునది ఇంతే. అయ్యా, మీ వానికి అప్పగించినది మైళ్ళ యంత్రములో మిగిలిన ముక్క కాదు. మైళ్ళ పొడవునా పనిచేయువారు వేగము నీయగలరు, గుంపును నొక్కగలరు, దారి చక్కజేయగలరు. కాని అక్కడ పోయిన ఒద్దికను తిరిగి తేగలవారు వారిలో ఒక్కరును లేరు. ఏ దినము ఆ వెలుగు సమముగా పడదో, ఆ దినము కడపటి గదిలో స్ఫటికములు పట్టుకొని నిలిచినవారు రిక్తహస్తములతో మరలవలసివచ్చును. అతడు ఇంటికి వ్రాసినపుడు, నేటి వెలుగు ఎట్లున్నదని అడుగుడు. మీరు అట్లడిగినచో, తన పని ఇంటివారికి తెలిసినదని అతడు సంతోషించును.